రాయికి ముందు, మనిషికి తర్వాత

ఈ పొద్దు పంతొమ్మిది వందల నలభై ఆరో సంవత్సరం, మే నెల పద్నాలుగో తేదీ, మంగళవారం. ఆకాశంలో మబ్బు తునక లేదు. పొద్దున ఎనిమిదింటికే పడమటి గాలి పెనం మీంచి లేచినట్ల కొట్టింది. రోహిణి కార్తె ఇంకా పది దినాలుంది, రోళ్ళు ఇప్పుడే పగిలేట్టున్నాయి. ఇట్లాంటి దినాన అరవై ఆరేళ్ళ ముసలోణ్ణి తర్లుపాడు నుంచి మూడు మైళ్ళు బండిలో కుదేసి తెచ్చినాడు ఆ అంకన్న. పైగా నన్నే అంటాడు, "నువ్వు కదిలితే బండి ఒరుగుతాది, గమ్మున కూర్చో పెద్దాయనా" అని! నేనెక్కడ గమ్మున కూర్చుంటా వదినా? పుట్టినకాడి నుంచి కూర్చున్నానా?

తేదీ ఎందుకంటావా? అలవాటు. జన్మంతా అర్జీలు రాసినోణ్ణి. తేదీ వేయందే నాకు నోట మాట రాదు.

ఆ చెంబు ఇట్ల ఇయ్యి. అబ్బ... చల్లగా ఉన్నాయి. ఆ చేదబావివేనా? ఇంకొంచెం పొయ్యి. చాలు, చాలు.

ఏంది అట్ల చూస్తావు? పదమూడేళ్ళకే గుర్తు పోయిందా? నేను చెన్నయ్యను. నీ మొగుడు కాటమరాజుకు తోడబుట్టినోణ్ణి. జుట్టు పోయింది గానీ ముక్కు అదే కదా. నాగులు కొడుకుల ముక్కు. నాయన చెప్పేవాడు, ఈ ముక్కుతో మందను తోలొచ్చు అని.

నువ్వు చేసే పని చెయ్యి. కందులు బాగుచేసుకో. నేను మాట్లాడుతుంటా.

మన పలకరాయి గని కాడ దిగి చూసొచ్చినా. చూడకూడదనుకున్నా, కాళ్ళు పోయినాయి. నీళ్ళు పచ్చగా ఉన్నాయి, బర్రెలు దిగేదానికి దారి కూడా పడింది. ఒక కొంగ ఒంటి కాలి మీద నిలబడి నన్ను చూసింది, నువ్వెవరికి కావాల అన్నట్ల. ఆ నీళ్ళ అడుగున ఉంది వదినా మనందరం తిన్న కూడు.

ఊళ్ళోకొస్తే ఏముంది? నూటయాభై గడప ఉన్న నల్లదిన్నె! పలక చెత్త గుట్టలు మాత్రం అట్లనే ఉన్నాయి, ఎండకు నల్లగా మెరుస్తా. బండి చక్రం కింద పడి అప్పడాల మాదిరి నలుగుతున్నాయి. పలకలకు చట్రాలు బిగించే సావిట్లో మేకలు పండుకున్నాయి. ఇంటి కప్పులు ఎవరెవరో ఊడదీసుకుపోయినారు. అంకన్న అంటాడూ, "పెద్దాయనా, ఈ ఊళ్ళో గోడలెక్కువ, మనుషులు తక్కువ. మొన్న ఓట్లప్పుడు గోడల కాడికి వచ్చి దండం పెట్టినారా ఏంది?" అని. వాడికేం, నవ్వుతాడు. వాడిది చంద్రశేఖరపురం పక్క. వాడికీ ఊరితో పని లేదు.

పన్నెండు ఇళ్ళలో పొగొస్తుందని చెప్పినారు. నేను తొమ్మిదే లెక్కపెట్టినా. మిగతా మూడు ఈ పూట పొయ్యి వెలిగించలేదేమో.

తొట్టి పక్కన అదేంది వదినా? ఆ గోనెపట్టా కింద?

తడిగా ఉంది.

నువ్వు ఇంకా... అన్న గని నుంచి తెచ్చి పెట్టిన రాతి దిమ్మేనా అది? ఇంకా నీళ్ళు పోస్తున్నావా? దినామూ? పోయేటప్పుడు చెప్పిపోయినాడా? ఎందుకని అడగలేదా ఆయన్ని?

అడగలేదు. సరేలే, నువ్వెవర్ని ఏమడిగినావు గనక.

అయ్యో! అందుకా అట్ల చూసినావు! ముందు రాయికి పోయాల కదా. మరిచిపోయినా వదినా. నోరెండిపోయి, చెంబు అందుకోగానే ఎత్తి తాగేసినా. చూడు, ఈ ఊళ్ళో పుట్టినోణ్ణి, ఈ ఊరి మర్యాద మరిచిపోయినా. ఎవరొచ్చినా సరే, చుట్టమైనా, బేరగాడైనా, చెంబు చేతికిస్తే ముందు దిమ్మ మీద నాలుగు చుక్కలు చిలకరించి, తర్వాత తను తాగాల. రాయికి ముందు, మనిషికి తర్వాత. నీకు గుర్తుందా, ఒకసారి తెల్లదొర ఒకాయన గుర్రం మీద వచ్చి, దిగీ దిగగానే తన సీసా మూత తీసినాడు. మన పలకలు చీల్చే దేవదానం ఎదురుపోయి దారికడ్డం నిలబడినాడు కదా! ఉలి చేతిలో, ఒంటి మీద గోచి, ఎదురుగా దొర! "దొరా, ముందు మా రాయికి" అన్నాడు. ఆ మాట ఇంగ్లీషులో దొరకు చెప్పింది నేనే. దొర పకపకా నవ్వి, సగం సీసా రాయికి పోసినాడు.

నేను మాత్రం ఈ పొద్దు తాగేసినా.

కొంచెం అటు జరుగు, నీడ పోయింది. లేదు, నేను నిలబడతాలే. నడుము పట్టేసింది.

దేవదానానికి ఆ రాయి పిచ్చి ఉండేది. కాదు, అందరికీ ఉండేది. మా నాయనకు పుట్టింది ముందు. మేకలు తోలుకుంటా దిన్నె ఎక్కితే మేకపోతు గిట్ట తగిలి రాయి ఊడొచ్చిందంట, రొట్టె పొర మాదిరి. తెచ్చి మాయమ్మకిస్తే కూరకుండ మీద మూత పెట్టింది. రెండేళ్ళు మా ఇంట్లో అది మూతే. ఒక దినం మార్కాపురం నుంచి పాదిరి వచ్చి మంచినీళ్ళు అడిగి, ఆ మూత చూసి, జేబులోంచి చీల తీసి దాని మీద గీత గీసినాడు. "నాగులూ, ఇది ఎక్కడిది?" అని పట్టుకుని వదలడు. మాయమ్మ, "చూసింది చాలు ఇయ్యి దొరా, కూర చల్లారిపోతాది" అంటాది! ఆ మూతలోంచి పుట్టింది నల్లదిన్నె. గుంటూరు, బెజవాడ, మద్రాసు, ఎక్కడ పిల్లోడు అ ఆ దిద్దినా మన రాయి మీదే దిద్దినాడు.

అన్న వేలకు వేలు పలకలు పంపినాడు గానీ ఒక్కదాని మీదా ఒక్క అక్షరం రాయలేదు. రాదు కదా. మంద కాచేదానికి ఒకడు కావాల్సొచ్చింది, ఆయన పెద్దోడు. చదివేదానికి ఒకడు కావాల్సొచ్చింది, నేను చిన్నోణ్ణి. అంతే, వేరే కారణమేం లేదు. మంద అమ్మి నన్ను మద్రాసు పంపినాడు నాయన. ఎఫ్.ఏ. గట్టెక్కినా, బి.ఏ. తప్పినా. రెండోసారీ తప్పినా. ఆ హోటలు సాంబారు మహిమ అనేవాణ్ణి. నీకు నవ్వొచ్చేది అప్పట్లో. ఇప్పుడు రాలేదు.

నేను తప్పొచ్చినప్పుడు దేవదానమే అన్నాడు, "బి.ఏ. తప్పితే ఏం కాదు చెన్నన్నా. రాయి తప్పితే కూడు తప్పుతాది" అని. పిలిచి చూపించినాడు. కొండ నుంచి ఊడదీసిన దిమ్మ లోపల పచ్చిగా ఉంటుంది. ఆ తడి ఉన్నంతకాలం ఉలి ఆనించి తట్టితే చాలు, పొరలు వాటంతటవే విడిపోతాయి. ఎండ తగిలి తడి ఆరిందా, పొరలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అప్పుడు దేవుడు దిగొచ్చి తట్టినా పెళ్ళలుగా పగులుతుంది తప్ప పలక రాదు. చచ్చిన రాయి. మళ్ళీ ఎన్ని నీళ్ళు పోసినా బతకదు. అందుకే చొప్ప కప్పి, గోనెలు కప్పి, పొద్దున మాపు ఆడోళ్ళు కడవలతో నీళ్ళు పోసేది. నీకు తెలీనిదా. నువ్వూ మోసినావు, కాపురానికొచ్చిన కొత్తలో.

నీకు తెలిసినవన్నీ నీకే ఎందుకు చెప్తున్నాను?

కూర్చుంటా. ఆఁ, ఈ అరుగు మీదే.

కరుణాకరం జాబు రాసినాడు నాకు. దేవదానం కొడుకు, మిషను బడి పంతులు. మంచి దస్తూరీ. నీ కాడికి వచ్చిపోతున్నాడంట కదా. ఈ పన్నెండు ఇళ్ళోళ్ళను కలుపుకుని, గని నీళ్ళు తోడి మళ్ళీ పని మొదలు పెట్టుకుంటాం, దిన్నె మాకియ్యండి అని సర్కారుకు అర్జీ పెడుతున్నాడు. పెట్టనీ. మంచిదే. దానికోసం పాత కాగితాలన్నీ నకళ్ళు తెప్పించినాడు. మన అన్నదమ్ముల దావా కాగితాలు కూడా.

ఈ ఆదివారం ప్రార్థనయినాక మిషను గుడి ముందర అందరినీ కూర్చోబెట్టి అవి చదువుతాడంట. నిన్నూ పిలిచినాడా?

పిలిచినాడు. పోతానన్నావా?

అందుకే నేను మంగళవారమే వచ్చినా వదినా. వాడు చదివే కాగితంలో అన్న పేరు బాగుపడే మాట ఒకటుంది. అది నువ్వు గుడి ముందర నలుగురిలో కూర్చుని వినకూడదు. నా నోట వినాల. దారి పొడుగునా ఇదే అనుకుంటూ వచ్చినా, ముందు ఇదే చెప్పాలని. వచ్చి కూరకుండ మూత గురించి చెప్తున్నా.

చేట కింద పెట్టు కాసేపు. వద్దా? సరే, ఏరుకో.

నాయన పెద్దదినం నాడు గొడవ మొదలైంది కదా. చుట్టాలందరూ పంక్తిలో ఉన్నారు. నేను దిన్నెలో సగం నాది అన్నా. అందులో తప్పేముంది? చట్టం అది. అన్న విస్తరి ముందు నుంచి లేవకుండానే, "మంద మంద అంతా నీ పుస్తకాల్లో మేసిందిరా చెన్నా. ఇంక దిన్నె కూడా మేస్తావా?" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. ఎవరికో పొలమారింది కూడా. నువ్వు వడ్డిస్తా ఉన్నావు. నువ్వూ నవ్వినావు. కాదనకు. కొంగు అడ్డం పెట్టుకున్నావు గానీ నేను చూసినా.

ఆ నవ్వుకు దావా వేసినా. వేరే దేనికీ కాదు.

పంతొమ్మిది వందల ఇరవై నాలుగు అది. గని నోటి కాడ దిమ్మలు తీసి పెట్టినారు, ఆ ఏడంతా చీల్చేదానికి సరిపోయే రాయి. అంత మంచి రాయి మళ్ళీ పడలేదని దేవదానం చివరిదాకా అనేవాడంట. దావా తేలేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదని కోర్టు ఉత్తరువిచ్చింది. ఇచ్చి, వేసవి సెలవులకు తలుపులేసుకుంది. వకీళ్ళు ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయినారు. మే రెండో తేదీ, శుక్రవారం. గాలి లేదు ఆ దినం. ఆకు కదల్లేదు. కోర్టు అమీనా వచ్చి నాకొకటి, అన్నకొకటి కాగితం ఇచ్చిపోయినాడు. ఇంగ్లీషులో.

ఇల్లు అప్పటికే గోడ కట్టి రెండు చేసుకున్నాం. అన్న ఆ గోడ చుట్టూ తిరిగి నా అరుగు కాడికొచ్చినాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. అరుగెక్కలేదు, కింద మెట్టు మీద కూర్చున్నాడు.

"ఒరే చెన్నా, దీంట్లో ఏముందో చదివి చెప్పు" అన్నాడు.

నేను దావా వేసింది ఆయన మీదే! నేను, "నీ వకీలును అడుగుపో" అన్నా.

"వకీలు ఊళ్ళో లేడు."

"పాదిరి ఉన్నాడు కదా."

ఆయనేమన్నాడో తెలుసా? "పాదిరి కాడికి పోతే నవ్వుతార్రా. నాగులు కొడుకుల్లో ఒకణ్ణి మంద అమ్మి చదివిస్తే, ఇంకొకడు ఇంగ్లీషు కాగితం పట్టుకొని పరాయి గడపలో నిలబడినాడని. మనం మనం కోర్టుకెక్కినాం, అది వేరే. కాగితం మాత్రం ఇంట్లోనే చదువుకోవాల." ఇంకొక మాట కూడా అన్నాడు. "మీ వదిన కూడా అదే అనింది. ఇంట్లో మరిదిని పెట్టుకుని ఊళ్ళు తిరిగేదేంది, అనింది" అన్నాడు.

నువ్వే పంపించినావు వదినా. తెలుసులే. నిన్నేం అనడం లేదు.

చదివినా. గొంతు సవరించుకుని, కోర్టులో మాదిరి. దావా తేలేవరకు ఇద్దరిలో ఎవరూ రాయిని కదిలించరాదు, చీల్చరాదు, అమ్మరాదు. మీరితే శిక్ష. అన్న తల ఊపుకుంటా విన్నాడు. అంతా అయినాక, "నీళ్ళ సంగతి?" అన్నాడు. "నీళ్ళు పోసుకోనియ్యమని వకీలు చేత అడిగించినా. దాని గురించి ఏమన్నా రాసినాడా జడ్జి?"

అంకన్నా! ఎద్దులకు నీళ్ళు పెట్టినావా? ఆ చింతచెట్టు కాడ తొట్టి ఉంది చూడు! పెట్టినావా? సరే, సరే.

ఏం చెప్తున్నా?

నలభై దినాలు. నీకు గుర్తే కదా ఆ నలభై దినాలు. అన్న దుడ్డుకర్ర పట్టుకుని దిమ్మల కాడ నిలబడినాడు. తన రాయికి తనే కాపలా, నీళ్ళు పడకుండా! మొదటి దినం పొద్దున సంతోషమ్మ ముందు, వెనక పదిమంది ఆడోళ్ళు, చంకల్లో కడవలు. దేవదానం పెళ్ళాం నోరు తెలుసు కదా. "కాటమన్నా, పక్కకు జరుగు. బిడ్డకు పాలాపమని ఏ కోర్టు చెప్తాది?" అనింది.

"సర్కారు మాట తల్లీ. మీరితే నేనూ జైలుకు పోతా, మీరూ పోతారు."

"పోతాం పద! ఆడ తాగేదానికన్నా నీళ్ళు పోస్తారు."

ఆడోళ్ళందరూ నవ్వినారు. అన్న నవ్వలేదు. కర్ర అడ్డం పెట్టి కళ్ళు మూసుకున్నాడు. సంతోషమ్మ తన కడవ ఆయన కాళ్ళ మీద కుమ్మరించి పోయింది. ఆ నీళ్ళు జారి దిమ్మ కిందికి పోతాయేమోనని, అన్న పాదంతో మట్టి ఎగదోసి ఆపినాడు. అంత భయం ఆయనకు ఆ కాగితమంటే.

నేను పలక చెత్త గుట్ట చాటు నుంచి చూసినా.

దినామూ పొద్దున దేవదానం వచ్చి దూరం నుంచే రాళ్ళేసి చూసేవాడు. చిన్న గులకరాయి విసురుతాడు, దిమ్మకు తగిలితే చెవి పెడతాడు. బతికిన రాయి ఖంగుమంటుంది, కంచు గిన్నె మాదిరి. పన్నెండో దినం నా కాడికొచ్చినాడు. "చెన్నన్నా, మోత దిగింది. నువ్వు చదివినోడివి. ఆ కాగితంలో ఒక్క చెంబుకన్నా సందు లేదా?" అన్నాడు. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "చట్టం దేవదానం, మనం ఏం చేస్తాం" అన్నా. ఎంత బాగా అన్నానో!

ముప్పయ్యో దినానికి దబ్బుమంది రాయి. మట్టిగోడను తట్టినట్ల.

మృగశిర చినుకు పడ్డ దినం దేవదానం ఎవర్నీ అడక్కుండా పోయి ఒక దిమ్మకు ఉలి పెట్టినాడు. అన్న ఆపలేదు. తట్టినాడు. పెళ్ళ. ఇంకొకటి. పెళ్ళ. ఎనిమిది దిమ్మలు చూసినాడు. తర్వాత ఉలి తుడుచుకుని, గుడ్డలో చుట్టుకుని, అన్న ముఖం మీద ఉమ్మేయబోయి, ఉమ్మేయలేదు. పక్కకు ఉమ్మేసి పోయినాడు.

ఆ ఏడు పని లేదు. సగం మంది రైలు కట్ట పనికి పోయినారు, సగం మంది మార్కాపురం గనులకు. నీళ్ళు తోడే చేతులు లేక, ఆ వానలకే గని నిండి, పడమటి గోడ కూలింది. దావా ఎవరూ నడపలేదు, కొట్టేసినారు. ఊరు ఏమనుకుంది? కర్ర పట్టుకుని నిలబడింది ఎవరు? కాటమరాజు. కళ్ళారా చూసినారు. తమ్ముడి మీద పంతానికి రాయిని చంపుకున్నాడు, మా నోట్లో మన్ను కొట్టినాడు అన్నారు. తొమ్మిదేళ్ళు బతికినాడు కదా ఆ తర్వాత. ఆ తొమ్మిదేళ్ళూ ఆయన్ని ఎవరన్నా వరసబెట్టి పిలిచినారా? అన్నా అని, మామా అని?

పోయిన దినం పాడె పట్టేదానికి నలుగురు రాలేదు. నువ్వు గడపగడపకూ పోయినావు. నీ వెనక నేనున్నా. ప్రతి గడపలోనూ నువ్వు ఒకటే మాట అన్నావు. "నా మొగుడు చేసింది తప్పే. ఇప్పుడు పోయినాడు. మట్టికి రండి." తొంభై గడపలు అప్పటికి. తొంభై సార్లు విన్నా. ఒక్కరూ రాలేదు, బండి మీద వేసుకుని పోయినాం.

చేట్లో ఏరేదేముంది వదినా ఇంక? రాళ్ళన్నీ ఎప్పుడో అయిపోయినాయి. నావైపు చూడు.

ఆయన నీళ్ళ సంగతి అడిగినాడని చెప్పినా కదా. రాసినాడా జడ్జి, అని. నేను రాయలేదు అన్నా.

రాసినాడు వదినా.

చివరి వాక్యం అదే. "రాయి చెడిపోకుండుటకు, ఎప్పటివలె దానికి నీళ్ళు పోయించుకొనుటకు కాటమరాజుకు అనుమతి ఇవ్వడమైనది." నా వేలు ఆ వాక్యం కిందే ఉంది. అన్న నా వేలునే చూస్తున్నాడు. వేలు తీసి కాగితం మడిచి ఇచ్చినా. "లేదన్నా, నీళ్ళ మాట లేదు" అన్నా. ఆయన మడిచిన కాగితం కళ్ళకద్దుకుని, తలగుడ్డలో పెట్టుకుని పోయినాడు.

ఒక్క దినం అనుకున్నా. ఒక్క దినం ఏడిపించి, మరుసటి పొద్దున పోయి, అన్నా, సరిగ్గా చూడలేదు, ఉంది అని చెప్దామనుకున్నా. ఒట్టు. పొద్దున లేచి గని కాడికి పోయేసరికి ఆయన కర్ర పట్టుకుని నిలబడున్నాడు. ఎదురుగా ఆడోళ్ళు నవ్వుతున్నారు. ఆయన మీద నవ్వుతున్నారు. నాకు... బాగుండింది వదినా. ఇంకొక దినం అనుకున్నా. వారం దాటినాక చెప్తే, ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదంటారు. దేవదానం వచ్చి అడిగినాక ఇంక ఎట్ల చెప్తా?

ఏమన్నావు?

ఎన్ని దినాలకు చచ్చిందా రాయి? ఇరవై దినాలదాకా బతికే ఉండింది. ఇరవై దినాలు. రోజుకు పదిసార్లు మన ఇంటి నడిమి గోడ దాకా వచ్చి తిరిగిపోయినా. నువ్వు నన్ను చూసినావు కూడా ఒకసారి, "ఏంది మరిదీ, కాలు కాలిన పిల్లి మాదిరి?" అన్నావు. ఏం లేదన్నా.

కోర్టు తెరిచినాక వకీలు అన్నకు చెప్పినాడో లేదో నాకు తెలీదు. ఇరవై రెండేళ్ళుగా నాకు తెలీనిది అదొక్కటే. తెలిస్తే ఆయన నా గొంతు పట్టుకునేవాడు కదా? లేకపోతే పట్టుకోడా? గని అడుగున ఊటలో పడి బతికిపోయిన ఆ ఒక్క దిమ్మను భుజాన మోసుకొచ్చి ఇక్కడెందుకు పెట్టినాడు? దినామూ నా ఎదురుగానే ఎందుకు పోసేవాడు నీళ్ళు? నీతో ఏమన్నా అన్నాడా? పోయే ముందర? ఒక్క మాట? తిట్టయినా సరే.

చెప్పు వదినా. తల ఊపినా చాలు.

లేస్తున్నావేం? చెంబు... ఆఁ, అట్ల ఇయ్యి. ఈసారి ముందు రాయికే పోస్తా. నా చేత్తో పోస్తా. ఇట్ల ఇయ్యి.

ఇయ్యవా.

సరే. నువ్వే పొయ్యి. అటు అంచు కూడా తడుపు, ఎండ తగులుతోంది.

అంకన్నా, బండి కట్టు!

పోతున్నాలే. ఎద్దుల్ని కట్టేదాకా ఈ గుంజ పట్టుకుని నిలబడతా, నీడ ఇంతే ఉంది. ఆదివారం కరుణాకరం చదివేటప్పుడు ముందు వరసలో కూర్చో. తల దించుకోవాకు. తల దించాల్సింది నువ్వు కాదని ఆ పొద్దు తొంభై గడపల్లోనూ నేనే చెప్పుండాల్సింది.

ఏం మిగిలిందిలే ఇంక. ఇప్పుడు నేనుండే మార్కాపురం ఇల్లు నాకొచ్చింది. ఉన్న నాలుగు గొర్రెలు అన్నకొచ్చినాయి, పనుల్లేని ఆ ఏడే పోయినాయి. దిన్నె ఇద్దరిదీ అన్నారు, వాననీళ్ళకొచ్చింది. దేవదానం ఉలి కరుణాకరానికొచ్చింది, బడిలో కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకుంటాడంట. రాతిదుమ్ము దగ్గు సంతోషమ్మకొచ్చింది. నా కొడుకులకు నా పేరొస్తుంది, ఆదివారం తర్వాత దాంతో ఏం చేసుకుంటారో వాళ్ళ ఇష్టం. నీకు ఆ రాయొచ్చింది.

అన్నకేమొచ్చింది? ఏమీ రాలేదు. ఆయన నన్ను అడిగింది చెంబెడు నీళ్ళు, అదీ తనకు కాదు.

ఆఁ, వస్తున్నా అంకన్నా. పట్టుకో ఈ చెయ్యి. కదలనులేరా, గమ్మునే కూర్చుంటా.